మడిలో ముగ్గుపిండి గీత

యాసంగి వరి కోసిన తర్వాత, వానాకాలం దున్నకాలు మొదలయ్యేదాకా, పరకాల దగ్గర మా ఊళ్లోని పొలం ఖాళీగా ఉంటుంది. మూడు వేసవులుగా ఆదివారం పొద్దున్నే హనుమకొండ నుంచి అక్కడికి వెళ్తున్నాను. గట్టు పక్కన కొయ్యకాళ్లు పీకి చదును చేసుకున్న కొద్దిపాటి జాగాలో ముగ్గుపిండితో ఆరడుగుల గీత గీస్తాను. ఆ గీత నా రెండు పాదాల నడుమకు వచ్చేలా నిలబడి, గోల్ఫ్ ఆడే కర్రతో (దాన్ని క్లబ్ అంటారు, నాది ఏడో నంబరు ఐరన్), బంతి లేకుండానే, బంతిని కొట్టినట్టే ఇరవై సార్లు ఊపుతాను. ఆ ఊపే స్వింగ్. ఒక్కో స్వింగ్‌కు బెత్తెడు వెనక్కి జరుగుతాను. తర్వాత క్లబ్ పక్కన పెట్టి, వంగి, మట్టి ఎక్కడెక్కడ లేచిందో చూస్తాను. నాది కుడిచేతి వాటం కాబట్టి గురి నాకు ఎడమ వైపున ఉంటుంది. మట్టి గీతకు ఎడమ పక్కనే లేవాలి. కుడి పక్కన లేచిందంటే, గీత మీద నిజంగా బంతి ఉండి ఉంటే క్లబ్ ముందు నేలను కొట్టి, ఆ తర్వాత, ఊపు తగ్గాక, బంతిని తాకేదన్నమాట. మొదటి వేసవిలో ఇరవైకి ఆరేడు సరైన చోట పడేవి. ఇప్పుడు పద్నాలుగు, పదిహేను పడుతున్నాయి.

పొలం చేసే మా చిన్నాయన కొడుకు మొదటి ఏడాది గట్టు మీద కూర్చుని చాలాసేపు చూసి, “అన్నా, బంతి లేకుంట గిదేం ఆట?” అని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే అడిగాడు. హనుమకొండలో గోల్ఫ్ మీద ఆసక్తి ఉన్న మా నలుగురైదుగురు మిత్రులలో కూడా ఎక్కువమంది మాట దాదాపు ఇదే. ఆట ఆడితేనే వస్తుందని, శాస్త్రం బుర్రకెక్కితే చేయి బిగుసుకుపోతుందని, వందల బంతులు కొడితే శరీరమే దారి వెతుక్కుంటుందని వారు గట్టిగా నమ్ముతారు. ఆరేళ్ల పాటు నేనూ అదే నమ్మకంతో ఆడాను. ఇప్పుడు నమ్మడం లేదు. గోల్ఫ్‌లో శరీరం తనంతట తాను దారి వెతుక్కోదని, వెతుక్కుంటే తప్పు దారే పడుతుందని, తెలిసినవారు తప్పును చూపించి, ఆ తప్పు మీదనే సాధన చేయించినప్పుడు మాత్రమే చేతికి పని పట్టుబడుతుందని నా అనుభవం చెబుతోంది. పైగా మైదానానికి దూరంగా ఉన్న మావంటివారికి ఈ శిక్షణ అవసరం తక్కువ కాదు, మరీ ఎక్కువ.

నేను ఉద్యోగరీత్యా ఉత్తరాదిన ఒక కర్మాగారం కాలనీలో ఉన్నప్పుడు ఈ ఆట మొదలుపెట్టాను. అక్కడ తొమ్మిది హోల్స్ (బంతిని వేయవలసిన రంధ్రాలు) ఉన్న చిన్న మైదానం ఉండేది, నేర్పేవారు లేరు. పక్కవారిని చూసి, ఫోన్‌లో వీడియోలు చూసి, చేతికి హాయిగా అనిపించిన పద్ధతిలో క్లబ్ పట్టుకుని కొట్టేవాణ్ణి. నా బంతి ప్రతిసారీ మొదట తిన్నగా బయలుదేరి, సగం దారిలో కుడి వైపుకు వంగి పొదల్లో పడేది. ఈ వంకర పోకడనే స్లైస్ అంటారు. కొత్తగా ఆడేవారిలో అత్యధికులకు ఉండే జబ్బు ఇదే.

దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే శిక్షణ ఎందుకు కావాలన్న ప్రశ్నకు జవాబంతా ఈ ఒక్క దెబ్బలోనే ఉంది. బంతి కుడికి పోతున్నదని తెలిసినప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? ఎడమకు తిరిగి నిలబడతారు, క్లబ్‌ను ఎడమకు లాగుతారు. లోకజ్ఞానం చెప్పేది అదే. కానీ బంతి వంకర తిరగడానికి కారణం, బంతిని తాకే క్షణంలో క్లబ్ ముఖం (బంతికి తగిలే చదునైన భాగం) ఒక వైపు చూస్తూ, క్లబ్ ప్రయాణించే దారి మరో వైపు ఉండడం. ఆ రెంటి మధ్య తేడా ఎంత పెరిగితే వంకర అంత పెరుగుతుంది. క్లబ్‌ను ఎడమకు లాగినకొద్దీ దారి ఎడమకు జరుగుతుంది. ముఖం మాత్రం ఇదివరకటిలా కుడికి తెరుచుకునే ఉంటుంది. తేడా ఇంకా పెరుగుతుంది. బంతి మునుపటి కంటే ఎక్కువగా కుడికి వంగుతుంది. అంటే, మందు అనుకుని వేసుకున్నదే జబ్బును ముదరబెడుతుంది. ఆరేళ్లు నేను చేసింది సరిగ్గా ఇదే. వేల బంతులు కొట్టాను. బద్ధకించింది లేదు. కొట్టిన ప్రతి బంతీ తప్పును ఇంకొంచెం లోతుగా నాటింది.

ఇలాంటి తలకిందుల సంగతులు ఈ ఆటలో చాలా ఉన్నాయి. బంతి పైకి లేవాలంటే క్లబ్ బంతి కిందికి దూరి పైకి ఎత్తాలని అందరికీ అనిపిస్తుంది. నిజానికి ఏడో ఐరన్ ముఖం తయారీలోనే సుమారు 30 డిగ్రీలకు పైగా వెనక్కి వాలి ఉంటుంది. బంతిని పైకి లేపే పని ఆ వాలుదే. ఆటగాడు చేయవలసిందల్లా క్లబ్ కిందికి దిగుతుండగానే బంతిని తాకించి, ఆ తర్వాత నేలను తాకించడం. ఎత్తాలని ప్రయత్నించినవాడికి బరువు వెనక కాలి మీదే మిగిలిపోతుంది, క్లబ్ బంతికి ముందే మట్టిని కొడుతుంది, లేదా బంతి నడినెత్తిన తగిలి అది నేల మీదే పాకుతుంది. నా ముగ్గుపిండి గీత ఉన్నది ఈ ఒక్క విషయం కోసమే.

అదీగాక ఈ తప్పులను ఆడేవాడు స్వయంగా చూసుకోలేడు. పైకెత్తిన క్లబ్ కిందికి దిగి బంతిని చేరడానికి పట్టేది సుమారు పావు సెకను. ముఖమూ బంతీ కలిసి ఉండేది సెకనులో దాదాపు రెండు వేలవ వంతు. ఆ క్షణాన్ని ఏ కన్నూ పట్టుకోలేదు. మిగిలేది చేతికి అనిపించిన భావన ఒక్కటే, ఆ భావన అబద్ధం చెబుతుంది. మోచేయి తిన్నగా ఉందని నాకు పూర్తి నమ్మకంగా ఉన్న రోజున తీసిన వీడియోలో అది కొడవలిలా వంగి ఉంది. చూసి నేను కొంతసేపు మాట్లాడలేకపోయాను.

హనుమకొండకు బదిలీ మీద తిరిగి వచ్చాక మొదటిసారి డబ్బు కట్టి నేర్చుకోవడానికి హైదరాబాద్ వెళ్లాను. పేరు అవసరం లేని ఒక చోట, బుట్టెడు బంతులు ముందు పెట్టి, కోచ్ గంటసేపు వెనక నిలబడి, “గుడ్ షాట్, తల ఎత్తకండి” అన్న రెండు మాటలు తప్ప మరేమీ చెప్పలేదు. అలాంటి చోట్ల నాలుగుసార్లు డబ్బు పోగొట్టుకున్నవారు శిక్షణంటేనే విసిగిపోవడంలో ఆశ్చర్యం లేదు. తల ఎత్తడం జబ్బు కాదు. లోపల ఉన్న మరో జబ్బుకు గుర్తు. అది తెలియనివారు చెప్పే మాటను శిక్షణ అనలేం.

రెండో చోట దొరికిన కోచ్ చిన్నప్పుడు క్యాడీగా, అంటే ఆటగాళ్ల క్లబ్‌ల సంచి మోస్తూ వెంట నడిచే సహాయకుడిగా, పని చేసినవారు. ఆయన మొదటి పావుగంట నన్ను బంతి కొట్టనివ్వలేదు. నా ఎడమ చేతిని క్లబ్ మీద పెట్టి, పై నుంచి చూస్తే ఎన్ని వేలి కణుపులు కనిపిస్తున్నాయో లెక్క పెట్టమన్నారు. ఒక్కటే కనిపించింది. చేతిని కొద్దిగా, అంటే వడ్లగింజంత, కుడికి తిప్పి మళ్లీ లెక్క పెట్టించారు. రెండు, మూడోది సగం. “ఇక ఇట్లనే పట్టుకోండి సార్, బాగుండదు, ఓర్చుకోండి” అన్నారు. నిజంగానే బాగా అనిపించలేదు. చేయి నాది కానట్టు ఉంది. ఆ చేత్తో కొట్టిన పదకొండో బంతి, జీవితంలో మొదటిసారి, గాలిలో ఎడమకు వంగింది. నాకు ఇప్పటికీ ఆ బంతి కళ్ల ముందు కనబడుతుంది. ఆరేళ్ల వేల బంతులు చేయలేని పనిని తెలిసినవారి వేలు ఒక్కటి చేసింది.

అయితే అది అక్కడితో అయిపోలేదు. కాజీపేటకు తిరుగు రైలు దిగేసరికే పాత పట్టు తిరిగి వచ్చింది. నెల రోజులు పొద్దున పది నిమిషాలు, రాత్రి పది నిమిషాలు, బంతి లేకుండా, ఇంట్లో కూర్చుని క్లబ్ పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం చేశాను. అప్పటికి గాని కొత్త పట్టు నాదిగా అనిపించలేదు. చెప్పించుకోవడం ఒక రోజు పని, దాన్ని చేతికి ఎక్కించుకోవడం నెల పని. నెల పని చేయకుండా రోజు పనిని తిట్టడం న్యాయం కాదు.

వరంగల్ కొత్తవాడలో ఒక మగ్గం దగ్గర చూసిన సంగతి ఇక్కడ చెప్పాలి. ఇంట్లో పుటింగ్ (బంతిని నేల మీదే దొర్లించి రంధ్రంలో వేయడం) సాధనకు నిలువు చారల జంపఖానా ఒకటి కావాలని వెళ్లాను. (వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది నేసే చేతులు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నాయి.) పదిహేనేళ్ల అబ్బాయి నేస్తుంటే తండ్రి పక్కన కూర్చుని ఉన్నాడు. అబ్బాయి శ్రద్ధగా, బలంగా, ఒక్క పేక (అడ్డపోగు) కూడా వదులు కాకుండా నేస్తున్నాడు. తండ్రి లేచి వచ్చి అంచు మీద వేలు పెట్టి, “పేక గట్టిగ గుంజుతున్నవ్ బిడ్డా. జెర ఒదులు. అంచు లోపటికి వోతున్నది సూడు” అన్నాడు. నేను దగ్గరికి వంగి చూశాను. నిజమే, అంచు సన్నగా లోపలికి ఒరిగింది. బిగువుగా నేస్తే బాగా నేస్తున్నట్టే చేతికి అనిపిస్తుంది. ఆ అబ్బాయి అలాగే ఇంకో పది గజాలు నేసి ఉంటే ఆ పది గజాలూ వంకరే. తండ్రి మరి మాట్లాడలేదు. అబ్బాయి ఆ తర్వాత గంటసేపు వదులుగా పేక వేయడం మీదే మనసు పెట్టాడు. గోల్ఫ్ నేర్పించడం, నేర్చుకోవడం ఎలా ఉండాలని నన్ను ఎవరైనా అడిగితే ఆ మగ్గం దగ్గరికి తీసుకువెళ్తాను.

ఎదుటివారి వాదంలో బలం లేదని నేను అనడం లేదు. అమెరికా ఆటగాడు బబ్బా వాట్సన్ పద్ధతి ప్రకారం ఎవరి దగ్గరా శిక్షణ తీసుకోకుండానే 2012లో, 2014లో మాస్టర్స్ గెలిచాడు. మేజర్లనే నాలుగు పెద్ద పోటీల్లో అది ఒకటి. మన దేశంలో అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా మొదలై 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ పోటీ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ ఆయనే. కానీ వీరిని ఉదాహరణగా చూపేవారు ఒక సంగతి మరిచిపోతారు. వాట్సన్ పసితనం నుంచి ఇంటి చుట్టూ ప్లాస్టిక్ బంతులు కొడుతూ, వాటిని కావాలని అటూ ఇటూ వంచడం నేర్చుకున్నాడు. క్యాడీ కుర్రవాడు రోజుకు వందల స్వింగులు దగ్గర నుంచి చూస్తాడు. ఏ దెబ్బకు బంతి ఎటు పోతుందో పదేళ్లకే కళ్లకు కట్టి ఉంటుంది. అది గురువు లేని చదువు కాదు, వందమంది గురువుల చదువు. నలభై ఏళ్లు దాటాక, నెలకు రెండుసార్లు మాత్రమే క్లబ్ పట్టుకునే ఉద్యోగస్థుడికి ఆ దారి లేదు.

స్వయంకృషికి ప్రతీకగా అందరూ చెప్పే అమెరికా ఆటగాడు బెన్ హోగన్ సంగతి తీసుకుందాం. 1912లో పుట్టిన ఆయనకు తొలి మేజర్ విజయం 1946లో, 34వ ఏట దక్కింది. అంతవరకు బంతి ఎడమకు విపరీతంగా వంగే హుక్‌తో ఆయన ఏళ్ల తరబడి అవస్థ పడ్డాడు. ఎవరూ చేయనంత సాధన చేశాడన్నది నిజమే. అయినా క్లబ్ పట్టు మార్చుకోవడంలో తోటి ఆటగాడు హెన్రీ పికార్డ్ ఆయనకు సహాయం చేశాడు. హోగన్ తన తొలి పుస్తకాన్ని ఆ పికార్డ్‌కే అంకితం చేశాడు. ఏకలవ్యుడని మనం చెప్పుకునేవాడికి కూడా పట్టు సరిచేసిన చేయి ఒకటి ఉంది.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ వేరే ఉంది. నేర్పేవారే తప్పు చెబితే? చెప్పారు కూడా. బంతి క్లబ్ దారి వెంట బయలుదేరి, చివరికి ముఖం చూసే వైపుకు వంగుతుందని దశాబ్దాల పాటు కోచ్‌లు నేర్పారు. 2003లో డెన్మార్క్‌లో మొదలైన ట్రాక్‌మ్యాన్ వంటి సంస్థల, బంతి పోకడను కొలిచే రాడార్ పరికరాలు వచ్చాక, బంతి బయలుదేరే దిశను నిర్ణయించేది ప్రధానంగా క్లబ్ ముఖమేనని అందరికీ రుజువైంది. పాత పాఠం నమ్మినవారు ముఖాన్ని గురి వైపుకు పెట్టి, దారిని మార్చి, బంతి ఎందుకు తప్పిపోతున్నదో తెలియక తికమకపడ్డారు. దీని నుంచి శిక్షణ దండగని కొందరు తేలుస్తారు. నేను అలా అనుకోను. ఆ తప్పును పట్టుకున్నది కూడా కొలత, పరిశీలన, శాస్త్రమే. చేతి భావనను నమ్ముకున్నవారెవరూ దాన్ని పట్టుకోలేదు. సరైన శిక్షణను వెతుక్కోవలసిన బాధ్యత ఇంకా పెరిగిందని మాత్రమే దీని అర్థం.

మార్పు హాని చేసిన సందర్భాలనూ దాచకూడదు. ఐర్లాండ్ ఆటగాడు పడ్రాయిగ్ హారింగ్టన్ 2007, 2008 సంవత్సరాలలో మూడు మేజర్లు గెలిచి, ఇంకా మెరుగుపడాలని స్వింగ్ మార్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ స్థాయి విజయం మళ్లీ ఆయనకు దక్కలేదు. మరో పక్క ఇంగ్లండ్ ఆటగాడు నిక్ ఫాల్డో ఉన్నాడు. 1983లో యూరప్ ఆటగాళ్ల సంపాదన పట్టికలో మొదటి స్థానంలో నిలిచినా, ఒత్తిడిలో తన స్వింగ్ నిలబడటం లేదని గ్రహించి, 1985లో కోచ్ డేవిడ్ లెడ్‌బెటర్ దగ్గర మొదటి నుంచి మొదలుపెట్టాడు. రెండేళ్లు వెనకబడ్డాడు. 1987లో స్కాట్లాండ్‌లోని మ్యూర్‌ఫీల్డ్‌లో జరిగిన ఓపెన్ (అదీ మేజరే) చివరి రోజున 18 హోల్స్‌లో 18 పార్‌లు చేసి, అంటే ప్రతి హోల్‌నూ దానికి నిర్ణయించిన దెబ్బల్లోనే ముగించి, గెలిచాడు; తర్వాత మరో అయిదు మేజర్లు గెలిచాడు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు తోచేదేమిటంటే, ఏది చెడిందో తెలిసి దాన్ని మార్చడం వేరు, ఇంకా ఏదో మార్చాలన్న ఆరాటం వేరు. మావంటి సామాన్యులకు మొదటిదే చాలు.

సాధన గురించి కూడా మా మిత్రులతో నాకు పేచీ ఉంది. రేంజ్‌లో, అంటే బంతులు కొట్టి సాధన చేసే చోట, ఒకే క్లబ్‌తో ఒకే గురికి వంద బంతులు వరసగా కొట్టి, చివరి ఇరవై బాగా పోయాయని సంతోషపడి ఇంటికి వస్తారు. వారం తర్వాత మైదానంలో అవి ఎటుపోయాయో తెలియదు. 1979లో షే, మోర్గాన్ అనే పరిశోధకులు చేతి కదలికల మీద చేసిన ప్రయోగంలో, ఒకే కదలికను వరసగా సాధన చేసినవారు సాధన సమయంలో బాగా చేశారు. కదలికలను కలగలిపి సాధన చేసినవారు అప్పుడు తడబడ్డారు, కానీ కొన్నాళ్ల తర్వాత పరీక్షిస్తే వారే ముందున్నారు. నేర్పే మాట ఎలా ఉండాలన్న దాని మీద కూడా పరిశోధన జరిగింది. 1999లో గాబ్రియేల్ వుల్ఫ్, ఆమె సహచరులు గోల్ఫ్ కొత్తగా నేర్చుకునేవారిలో కొందరిని చేతుల కదలిక మీద, మరికొందరిని క్లబ్ కదలిక మీద దృష్టి పెట్టమన్నారు. క్లబ్ మీద దృష్టి పెట్టినవారి దెబ్బలే గురికి దగ్గరగా పడ్డాయి. శాస్త్రం బుర్రకెక్కితే చేయి బిగుసుకుంటుందన్న మిత్రుల మాటలో ఉన్న నిజం ఇదే. మోచేయి, మణికట్టు, నడుము అంటూ ఒకేసారి పది మాటలు చెప్పే కోచ్ నిజంగానే చేయిని బిగిస్తాడు. మా కోచ్ నా బరువు గురించి, మణికట్టు గురించి ఏమీ చెప్పలేదు. గడ్డి మీద ఒక గీత గీసి, “గీత దాటినంక మట్టి లేవాలె సార్, అంతే” అన్నారు. గీత దాటాక మట్టి లేవాలంటే బరువు ముందు కాలి మీదికి రాక తప్పదు. శరీరం దాన్ని చేసుకుపోతుంది. శాస్త్రం ఆయన బుర్రలో ఉంది, నా ముందుకు వచ్చింది గీత ఒక్కటే.

నేను చూసిన మంచి బోధనంతా ఇలాగే ఉంది. అందుకే ఇంట్లో పుటింగ్‌కు కూడా ఒక్క చారనే పట్టుకున్నాను. మొత్తం 72 దెబ్బలు నిర్ణయించిన (పార్ 72) 18 హోల్స్ మైదానంలో ఒక్కో గ్రీన్‌కు, అంటే రంధ్రం చుట్టూ ఉండే నున్నని గడ్డికి, రెండు పుట్‌ల చొప్పున లెక్క వేస్తారు, అంటే 36 దెబ్బలు. సగం ఆట అక్కడే ఉంది. రంధ్రం వ్యాసం 108 మిల్లీమీటర్లు. మధ్య నుంచి అంచుకు 54. మూడు మీటర్ల దూరం నుంచి బంతి బయలుదేరే దిశ ఒక్క డిగ్రీ తప్పితే, చేరేసరికి 52 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది, అంటే దాదాపు అంచుకు. ఒక్క డిగ్రీ పొరపాటును చేయి గుర్తుపట్టలేదు. జంపఖానా చార గుర్తుపడుతుంది. బంతిని ఎర్ర చార మధ్యలో పెట్టి తోస్తే, ముఖం ఏ కొంచెం తెరుచుకున్నా బంతి మూరెడు పోకముందే ఎరుపు వదిలి పక్కనున్న తెలుపులోకి దిగుతుంది. 2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్ మహిళల గోల్ఫ్ చివరి రౌండ్ చూడడానికి తెల్లవారుజామునే లేచినవారికి ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. తోటివారి కంటే తక్కువ దూరం కొట్టే మన అదితి అశోక్ పుటింగ్ బలంతో చివరిదాకా పతకం కోసం పోరాడి నాలుగో స్థానంలో నిలిచింది.

ఇక మా ఊరి సంగతి. మాకు మైదానాలు గోల్కొండ పక్కనో, గచ్చిబౌలిలోనో ఉన్నాయి. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైలు ప్రయాణమే 130 కిలోమీటర్లు దాటుతుంది. నెలకు ఒకసారి వెళ్లడం గొప్ప. అంత దూరం పోయి, డబ్బు పెట్టి, తప్పునే రెండు వందల సార్లు కొట్టి తిరిగి రావడం నాకు బాధ కలిగిస్తుంది. రోజూ మైదానంలో ఉండేవాడు కాలాన్ని వృథా చేసినా మళ్లీ దొరుకుతుంది. మాకు దొరకదు. అందుకే మిత్రులకు ఒక మాట చెప్పాను. మూడు ట్రిప్పులలో రెండు మానుకుని, ఆ డబ్బుతో మా కోచ్‌ను రెండు నెలలకు ఒక ఆదివారం హనుమకొండకు పిలిపిద్దాం. వలలు కట్టడానికి ఒక మేడ ఉంది, మట్టికి మా పొలం ఉంది, పుటింగ్‌కు కొత్తవాడ జంపఖానా ఉంది. ఒక్కొక్కరికి ఒక్క తప్పు చూపించి వెళ్తే చాలు. రెండు నెలలు దాని మీదే ఉంటాం. ఇద్దరు సరేనన్నారు. ఒకరు ఆలోచిస్తానన్నారు. నాలుగో ఆయన నాతో వాదించి, చివరికి తన పదమూడేళ్ల కూతురిని పంపిస్తానన్నారు. మా అందరి కంటే ఆ అమ్మాయి రావడమే నాకు ఎక్కువ సంతోషం. ఇంకా ఏ తప్పుడు పట్టూ అలవాటు కాని చేతులు అవి.

మృగశిర కార్తె దగ్గర పడింది. మా తమ్ముడు పొలంలో ఎరువు కుప్పలు పోయించాడు. వచ్చే ఆదివారం తర్వాత ట్రాక్టరు దిగుతుందని చెప్పాడు. నిన్న చివరిసారిగా ముగ్గుపిండి తీసుకువెళ్లాను. ఇరవైలో పదహారు గీతకు ఎడమ పక్కన పడ్డాయి. మిగతా నాలుగు గుంతల పక్కన మా తమ్ముడు గొంతుక్కూర్చుని, “ఇవి నాలుగు ఎనుకకు పడ్డయి అన్నా, ఎడమకాలు మీదికి రాలే నువ్వు” అన్నాడు. మూడు వేసవులు గట్టు మీద కూర్చుని చూసినవాడు. సరిగ్గా చెప్పాడు. అతని చేతికి క్లబ్ ఇచ్చి, ముందు ఎడమ చేయి ఎలా పెట్టాలో, ఎన్ని కణుపులు కనిపించాలో చూపించాను.